రెండు మీద నిలవాల్సిన గోలీ

నేను చెప్పే కథల్లో సగం అబద్ధాలని మా ఇంట్లోవాళ్ళే ఊరంతా చాటుతుంటారు. అది అన్యాయం. సగం కాదు, ముప్పాతిక. మూత ఊడిన ఆక్సిజన్ సిలిండరు దవాఖాన గోడ దాటి, సూపరింటెండెంటు గారి కారు మీదుగా ఎగిరి, బస్టాండుకు పోయి కొల్లాపూర్ బస్సెక్కిందని నేను చెప్పుకొచ్చిన మాట చాలావరకు నిజమే. బస్సు సంగతి ఒక్కటే నా కల్పన. ఇప్పుడు రాసేది మాత్రం మొత్తం నిజం. అందుకే ఇందులో నేను అంత గొప్పగా కనిపించను.

దవాఖానల్లో కొత్తగా కొలువుకు చేరుతున్న పిల్లల కోసం రాస్తున్నాను. మర ఎటు తిప్పితే గాలి వస్తుందో మీకు శిక్షణలో నేర్పుతారు. ఎవరు చెప్పినప్పుడు తిప్పకూడదో నేర్పరు. అది నేర్పగలిగినవాళ్ళెవరూ ఆ శిక్షణ సంస్థల్లో నాకు తగల్లేదు.

కాగితం మీద నా ఉద్యోగం పేరు గజం పొడుగు. వార్డులో మాత్రం 'గాలి సారు' అనేవాళ్ళు. ఆక్సిజన్ గొట్టాలు, మాస్కులు, మీటర్లు నా రాజ్యం. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నన్ను తిప్పని దవాఖాన లేదు. చివరికి సిలిండర్లు దొర్లించీ దొర్లించీ నడుము పోయి, ఇంకా వయసుండగానే రాజీనామా కాగితం ఇచ్చి ఇంటికి వచ్చాను. ఈ సంగతి ఏ ఊళ్ళో జరిగిందో అడగకండి. ఆ సూపరింటెండెంటు గారు ఇప్పటికీ ఆరోగ్యంగానే ఉన్నారు, అదీ బెంగ.

కరోనా పోతూ పోతూ మా జనానికి ఒక అంకెను అంటించి పోయింది: తొంభై అయిదు. నెత్తుట్లో ఆక్సిజన్ కొలిచే క్లిప్పు వేలికి పెడితే ఆ పైన చూపించాలి, కింద చూపిస్తే మనిషి దక్కడు. ఇంతకుముందు పంచాంగం చూసినవాళ్ళంతా వేలి క్లిప్పు చూడడం మొదలుపెట్టారు. అదే రోజుల్లో, అమ్రాబాద్ వైపు పల్లె నుంచి ఒక అవ్వను మా వార్డుకు తెచ్చారు.

అవ్వ రోడ్డు పక్కన జొన్నరొట్టెలు చేసి అమ్మేది. తడి కట్టెల పొయ్యి ముందర ఏళ్ళకేళ్ళు కూర్చుంది. తీరిక దొరికితే చుట్ట. ఊపిరితిత్తులు పొగగొట్టంలా తయారయ్యాయి. మనిషి పిడికెడు. నోరు మాత్రం రెండు వార్డులకు సరిపోతుంది. వచ్చిన మొదటిరోజే నర్సును, ఆయమ్మను, నన్ను, పైన తిరిగే పంకాను వరుసపెట్టి తిట్టింది. తిట్టడానికి ఊపిరి ఎక్కడినుంచి తెచ్చుకునేదో మా ఎవరికీ అర్థం కాలేదు.

ఆక్సిజన్ మీటరులో నిలువు గాజుగొట్టం ఉంటుంది, అందులో చిన్న గోలీ. మర తిప్పినకొద్దీ గోలీ పైకి తేలుతుంది. ఎన్ని మీద నిలిస్తే నిమిషానికి అన్ని లీటర్ల గాలి. మా డ్యూటీ డాక్టరమ్మ చిన్నవయసుదే కానీ బుర్ర ఉన్నది. అవ్వ చీటీ మీద ఎర్రసిరాతో రాసింది: గోలీ రెండు మీద, అంకె ఎనభై ఎనిమిది నుంచి తొంభై రెండు లోపల. అంతకు మించకూడదు.

అవ్వ కొడుకులు ముగ్గురు. పెద్దకొడుకు రెండోరోజే నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, పక్కమంచమాయనకు తొంభై ఎనిమిది చూపెడ్తాంది. మా అమ్మకు ఎనభై తొమ్మిదేంది? మేం అడివి దిక్కోళ్ళమనా?"

"ఆయన ఊపిరితిత్తులు వేరు, మీ అమ్మవి వేరు."

"ఊపిర్లల్ల గూడ వేరు వేరు ఉంటయా?"

మంచం మీదినుంచి అవ్వ అందుకుంది. "ఉంటయిరా. నీ తలకాయ, మంది తలకాయ ఒక్కతీరుగున్నయా?"

నాకు ఉపన్యాసం చెప్పే అవకాశం దొరికింది. స్టూలు లాక్కుని కూర్చున్నాను. "అవ్వా, మనం ఊపిరి ఎందుకు తీసుకుంటం?"

"బతికెటందుకు. గంత గూడ తెల్వకపాయె, సర్కారు నీకు జీతమెందుకిస్తాంది?"

వార్డంతా నవ్వింది. నేను నవ్వులో కలిసిపోయి, చెప్పాల్సింది చెప్పాను. మీకూ చెబుతాను, చాలామంది ఉద్యోగం అయిపోయేదాకా దీన్ని పట్టించుకోరు.

లోపల మంచిగాలి తగ్గింది కాబట్టి ఊపిరి తీస్తామని అనుకుంటాం. మామూలుగా నడిచే పద్ధతి అది కాదు. ఒంట్లో నిత్యం చెడ్డగాలి పుడుతుంది. బడి పుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అనేవాళ్ళు. అది నెత్తుట్లో కాస్త పెరగగానే మెదడు అడుగున, మెడ మొదట్లో ఉండే కావలివాడు కనిపెడతాడు. ఛాతీ కండరాలను, కడుపుకూ రొమ్ముకూ మధ్య ఉండే పొరను అదిలించి ఊపిరి ఆడిస్తాడు. ముక్కూ నోరూ మూసుకుని కూర్చుని చూడండి. కాసేపటికే ప్రాణం గొంతులోకి వచ్చినట్టవుతుందే, అది వాడి కేక. ఊపిరిని మనం కొంతసేపు బిగబట్టగలం, తొందరపెట్టగలం. ఆ తరువాత పగ్గాలు వాడే లాక్కుంటాడు. పరుగెత్తినప్పుడు పెంచుతాడు, పడుకున్నప్పుడు తగ్గిస్తాడు, మనం నిద్రపోయినా తాను పోడు. నాకు తెలిసిన ఉద్యోగుల్లో సెలవు అడగనివాడు వాడొక్కడే.

అవ్వలాంటివాళ్ళలో కొందరికి ఏళ్ళ తరబడి చెడ్డగాలి పూర్తిగా బయటికి పోదు, కొంత లోపలే నిలిచిపోతుంది. కావలివాడు దానికి అలవాటు పడతాడు, బియ్యం మిల్లు పక్కన కాపురమున్నవాడికి చప్పుడు వినపడనట్టు. అప్పుడు మెడలోని పెద్ద రక్తనాళాల దగ్గరుండే చిన్న కావలివాడి మీద భారం పడుతుంది. వాడు అరిచేది మంచిగాలి తగ్గినప్పుడే. ప్రేమ కొద్దీ మంచిగాలి ఎక్కువ పోస్తే వాడు ముసుగు తన్నుతాడు. దానికితోడు ఊపిరితిత్తుల్లో గాలీ నెత్తురూ కలుసుకునే అమరిక కూడా చెదురుతుంది. ఇందులో ఏది ఎంత పాపం చేస్తుందో పెద్ద డాక్టర్లు ఇంకా కొట్లాడుకుంటూనే ఉన్నారు. చివరికి జరిగేదాని మీద మాత్రం కొట్లాట లేదు. చెడ్డగాలి పేరుకుని మనిషి మత్తులోకి జారుతాడు.

నేనిదంతా చేతులు తిప్పుతూ పావుగంట చెప్పాను. కొడుకు తలూపాడు, ఏమీ ఎక్కలేదని తెలుస్తూనే ఉంది. అవ్వ మాత్రం కళ్ళు చికిలించి వింది.

"అంటే నా లోపట ఇద్దరు కావలోళ్ళున్నరు. పెద్దోడు పొగకు మరిగిండు. చిన్నోడు మేలుకునుండాలంటే వాని కడుపు సగమే నింపాలె. గంతే గద?"

నా పావుగంటను ఆమె మూడు ముక్కల్లో తేల్చేసింది. నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం కుళ్ళు పుట్టింది.

అసలు పీడ ఆ తరువాత మొదలైంది. మా వైపు విందులో 'చాలు' అన్నాక వడ్డించేదే అసలు వడ్డన. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందున పప్పు పోస్తారు. ఆ అలవాటును మా జనం గాలిమీటరు దాకా తెచ్చారు. అవ్వను చూడవచ్చిన ప్రతి చుట్టమూ అరటిపండ్లు బల్ల మీద పెట్టి, కళ్ళు తుడుచుకుని, నేను అటు తిరగగానే మరను కొంచెం తిప్పి పోయేవాడు. పెద్దకొడుకు తిప్పితే నడిపికొడుకు ఊరుకుంటాడా? తాను తల్లికి తక్కువ చేసినట్టు కాదూ! చిన్నకోడలు అయితే నా కళ్ళ ముందే తిప్పింది.

"ఏం జేస్తున్నవమ్మా?"

"జరంతనే సారూ. అత్తమ్మకు నా చేతితోని ఏం వెట్టలేదని మనసుల ఉంటది."

గాలి కూడా తన చేత్తో పెట్టాలట! రోజుకు నాలుగుసార్లు నేను గోలీని రెండుకు దించేవాణ్ణి, వాళ్ళు అయిదుసార్లు ఎక్కించేవాళ్ళు. మూర్ఖులని, మందబుద్ధులని నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ణి. అట్ట మీద పెద్ద అక్షరాలతో 'మర ముట్టరాదు' అని రాసి గోడకు వేలాడదీశాను. చదువు లేనివాళ్ళతో చచ్చే చావని టీ కొట్టు దగ్గర జాలిగా చెప్పుకునేవాణ్ణి. వినేవాళ్ళు కూడా చదువుకున్నవాళ్ళే, పాపం, తలలూపేవారు.

అట్లా ఉండగా మా దవాఖానకు కొత్త యంత్రం వచ్చింది. మాస్కు బిగించి, ఊపిరి తీసేటప్పుడు ఎక్కువ ఒత్తిడితో గాలి పంపి, వదిలేటప్పుడు తగ్గించి, అలిసిపోయిన ఛాతీకి భుజం పట్టే యంత్రం. లోపలి చెడ్డగాలిని బయటికి నెట్టడానికి అంతకు మించిన సాయం లేదు. వచ్చినరోజే వార్డులో పెట్టాలి కదా? పెట్టలేదు. దానికి ఎర్ర రిబ్బను కట్టి స్టోరు గదిలో తాళం వేశారు. ప్రారంభోత్సవం కానిది ముట్టరాదన్నారు. రోగం కూడా ముహూర్తం చూసుకుని రావాలి మరి.

ప్రారంభించడానికి ఒక పెద్దాయన వస్తున్నాడని చాటారు. ఏ పార్టీయో ఏ పదవో మీకు అనవసరం. ఆ తెల్లచొక్కా అన్ని పార్టీలకూ పడుతుంది. ఆ పొద్దు వార్డులో ఫినాయిలు వరదలా పారింది. ఎన్నడూ లేనిది దుప్పట్లు మార్చారు. యంత్రాన్ని బయటికి తెచ్చి, పూలదండ వేసి, పెద్దాయన రిబ్బను ఒక కొస కత్తిరించగానే చప్పట్లు కొట్టి, పాడవుతుందని మళ్ళీ స్టోరులో పెట్టి తాళం వేశారు. కరెంటు తీగ కూడా విప్పలేదు.

తరువాత రోగుల పరామర్శ. అవ్వ మంచం కిటికీ పక్కన ఉంది, ఫోటోకు వెలుతురు బాగుంటుందని అక్కడ ఆగారు. డాక్టరమ్మ ఆ సమయంలో కింద, ట్రాక్టరు బోల్తాపడి వచ్చినవాళ్ళ దగ్గర ఉంది. పెద్దాయన అవ్వ వేలి క్లిప్పు చూశాడు. ఆయనకూ ఆ ఒక్క అంకె తెలుసు.

"గీ అవ్వకు ఎనభై తొమ్మిదే చూపెడ్తాందేందయా? గింత పెద్ద ఆక్సిజన్ ప్లాంటు పెట్టిచ్చినం, గాలికి గూడ కరువేనా?"

పెద్దకొడుకు దండం పెట్టాడు. "అదే సార్ మేం గూడ మొత్తుకునేది!"

సూపరింటెండెంటు గారు ఊపిరితిత్తుల మీద పరీక్ష రాసి పాసైన మనిషే. ఒక్క మాట, "సార్, ఈమెకు ఇంతే ఇవ్వాలి" అంటే అయిపోయేది. ఆయన నావైపు తిరిగి, "పెంచు పెంచు, ఏం చూస్తున్నవ్?" అన్నాడు.

కెమెరా లేచింది. పెద్దాయన అవ్వ చెయ్యి పట్టుకుని బాధగా మొహం పెట్టాడు. నా చెయ్యి మర మీదికి పోయింది. అవ్వ నావైపే చూస్తోంది.

"గాలి సారూ, చిన్నోడు పండుకుంటడు."

ఆ మాట అక్కడ ఇద్దరికే అర్థమైంది, ఆమెకూ నాకూ. నేను పళ్ళికిలించి, "ఏం కాదవ్వా, జరసేపే" అన్నాను. తిప్పాను. గోలీ ఎగిరి పది మీద నిలిచింది. క్లిప్పు మీద అంకె తొంభై, తొంభై నాలుగు, తొంభై ఎనిమిది. చప్పట్లు! నిజంగానే చప్పట్లు కొట్టారు. నా నెత్తి మీద, గోడకు, 'మర ముట్టరాదు' అనే అట్ట వేలాడుతోంది. ఫోటోలో అది కూడా పడింది.

వాళ్ళు పక్కకు జరగగానే దించేద్దామనుకున్నాను. కానీ గ్రూపు ఫోటోకు రమ్మన్నారు. పెద్దాయన పక్కన నిలబడే జాగా దొరికింది, వదులుకుంటానా? తరువాత మిర్చిబజ్జీలు, జీడిపప్పు, చాయ్. సూపరింటెండెంటు గారు నా భుజం తట్టారు. సిలిండరు బస్సెక్కిన కథ పెద్దాయనకు చెప్పి నవ్వించాను. ముప్పావుగంట పోయింది.

ఆయమ్మ తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. వార్డు ఊడ్చి తుడిచే మనిషి, అక్షరం ముక్క రాదు.

"సారూ, అవ్వ తిడ్తలేదు."

"పండుకుందేమో."

"మంచం కింద తుడుస్తుంటే కట్టె ఆమె కాలుకు గట్టిగ తాకింది. అయినా తిట్టలే సారూ. నాకు బుగులైతాంది."

నా చేతిలో బజ్జీ ఉంది. దాన్ని ఎక్కడ పడేశానో ఇప్పటికీ గుర్తు లేదు.

మంచం చుట్టూ చుట్టాలు సంబరంగా ఉన్నారు. "ఎన్ని దినాలకు కంటినిండ పండుకుందో!" అని చిన్నకోడలు కళ్ళు ఒత్తుకుంటోంది. క్లిప్పు తొంభై తొమ్మిది చూపిస్తోంది, ఇంతకంటే ఏం కావాలి? నేను అవ్వ ఛాతీ మీద కళ్ళు పెట్టి లెక్కపెట్టాను. నిమిషానికి ఏడు ఊపిర్లు, అవీ పైపైనే. పిలిస్తే పలకలేదు. చెవి దగ్గర అరిస్తే కనురెప్ప ఒక్కటి కదిలింది. ఇద్దరు కావలివాళ్ళూ పడుకున్నారు. జోలపాడింది నేను.

ఆయమ్మ అప్పటికే డాక్టరమ్మ కోసం కిందికి ఉరికింది. నేను మర దించబోయాను. పెద్దకొడుకు నా కాలరు పట్టుకున్నాడు.

"గాలి బంజేస్తవారా? మా అమ్మను సంపుతవా?"

"ఇదే సంపుతాంది! వదులు!"

"పెద్దసారు చెప్పి పెంచిచ్చిండు. నీకెక్కువ తెలుసా?"

నాకు ఎక్కువే తెలుసు. అయినా నేనే పెంచాను.

డాక్టరమ్మ రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చింది. ఒక్క చూపులో గోలీని, అవ్వను, నన్ను చూసింది. కొడుకును పక్కకు తోసింది. "మొత్తం ఒక్కసారే తీసేయొద్దు, అదీ ప్రమాదమే. అంకె చూస్తూ దించండి, తొంభై దగ్గర నిలవాలి. ఆ యంత్రం తెప్పించండి, వెంటనే!"

స్టోరు చూసే ఆయన చల్లగా కూర్చుని ఉన్నాడు. "కాగితం రాసి సంతకం తేండ్రి. సూపరింటెండెంటు సారు పెద్దాయనను సాగనంప పోయిండు. వస్తడు."

"మనిషి పోతాంది!"

"నేనేం జెయ్యాలె? యంత్రం పోతే నా కొలువు పోతది."

సిలిండరు మూత తిప్పే ఇనుప స్పానరు ఎప్పుడూ నా నడుముకే ఉండేది. నాలుగు దెబ్బలకు తాళం ఊడింది. మీరు వినే నా కథల్లో అయితే ఒక్క దెబ్బకే ఊడుతుంది. పూలదండతో, సగం తెగిన రిబ్బనుతో యంత్రాన్ని అట్లాగే తోసుకొచ్చాం. దండ తీసే తీరిక కూడా లేదు. డాక్టరమ్మ మాస్కు బిగించింది. యంత్రం ఊపిరి పట్టించింది, వదిలించింది. పట్టించింది, వదిలించింది. అవ్వ పక్కటెముకలు దానితో పాటు లేస్తూ దిగుతూ ఉన్నాయి.

రెండు గంటలు అట్లాగే నడిచింది. పెద్దకొడుకు గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. డాక్టరమ్మ నన్ను చూడకుండానే, "మీకు తెలియక చేసి ఉంటే కోప్పడేదాన్ని" అంది. ఇన్నేళ్ళలో నాకు పడిన తిట్లన్నీ మరిచిపోయాను, అది మరవలేదు.

మధ్యాహ్నం మూడు దాటాక అవ్వ వేళ్ళు కదిలాయి. కళ్ళు తెరిచింది. ముఖం ముందర వేలాడుతున్న ఎర్ర రిబ్బనును చూసింది, పూలదండను చూసింది, నన్ను చూసింది. మాస్కు పక్కకు లాగింది.

"నీ చేతులిరుగ! నాకు దండగూడ ఏసిండ్రార?"

ఆయమ్మ చీపురు కింద పడేసి ఏడ్చింది. వార్డంతా నవ్వింది. పెద్దకొడుకు తల్లి కాళ్ళ మీద పడ్డాడు, ఆమె కాలితోనే అతని నెత్తి మీద ఒకటి తట్టింది.

ఆ తరువాతి సంగతులు మీకు పాఠంగా పనికొస్తాయి. తాళం పగలగొట్టినందుకు నాకు మెమో వచ్చింది, సంజాయిషీ రాసుకున్నాను. మర తిప్పినందుకు ఏమీ రాలేదు. పైగా ఆ ఫోటోకు చట్రం కట్టించి సూపరింటెండెంటు గారి గదిలో పెట్టారు. పెద్దాయన, అవ్వ, పది మీద గోలీ, దాని పక్కన నా చెయ్యి. కింద 'రోగులకు భరోసా' అని రాశారు. జరిగింది జరిగినట్టు డాక్టరమ్మ కేసు కాగితాల్లో రాసింది. ఆ కాగితాలు చదివే అలవాటు మా పైవాళ్ళకు లేదు.

అవ్వ పది రోజులకు ఇంటికి పోయింది. కొలువు వదిలేశాక ఒకసారి పనిమీద అమ్రాబాద్ వైపు పోయి, వెతుక్కుంటూ ఆమె రొట్టెల కొట్టుకు పోయాను. ఇప్పుడు గ్యాసు పొయ్యి. రొట్టెలు చిన్నకోడలు చేస్తోంది. ముక్కుకు సన్నగొట్టం పెట్టుకుని అవ్వ పొయ్యికి దూరంగా, గోడవారగా మంచం మీద కూర్చుని, రొట్టె మందమైందని కోడలిని తిడుతోంది. తిట్లు వినగానే నాకు ప్రాణం కుదుటపడింది. పక్కనున్న, మామూలు గాలినుంచే ఆక్సిజన్ తీసిచ్చే చిన్న యంత్రం వైపు ఓరగా చూశాను. గోలీ ఒకటిన్నర మీద కదలకుండా ఉంది.

"కూసో గాలి సారూ. ఏయే, సారుకు రొట్టె వెట్టు."

రెండు రొట్టెలు తిన్నాను. వేడివి, వెల్లిపాయ కారంతో. మూడోది వేయబోతే వద్దన్నాను. కోడలు వినలేదు. నేను కంచం మీద రెండు చేతులూ అడ్డం పెట్టి, "వద్దంటే వద్దమ్మా, అవ్వ మీద ఒట్టు!" అని గట్టిగా అన్నాను. కోడలు రొట్టె వెనక్కి తీసుకుంది.

అవ్వ నా చేతుల వైపు చూసింది. ఒక ఊపిరి తీసుకుంది, వదిలింది.

"మంచిగనే అడ్డం వెట్టొస్తది గదరా నీకు. ఆ పొద్దు ఏమైంది?"